పదమూడు మీటర్ల ఇంటితో కెమ్నిట్జ్ దాకా

హెర్ లెహ్నర్ వాకిట్లో

చక్రాలు ఎనిమిది, మా దగ్గరున్న నిమ్మకాయలు అయిదు.

"ముంగటి రెండిటికి, ఎనక రెండిటికి పెట్టుండ్రి. నడుమ వాటిని దేవుడు సూసుకుంటడు," అని హన్మకొండ నుంచి వీడియో కాల్‌లో మా అత్తమ్మ తేల్చేసింది. మిగిలిన నిమ్మకాయను నేను జాకెట్ జేబులో వేసుకున్నాను.

మే నెలలో ఒక బుధవారం సాయంత్రం అది. ఇంగోల్‌స్టాట్ నుంచి పావుగంట దూరంలో ఉన్న పల్లెలో, హెర్ లెహ్నర్ అనే రిటైరైన మెకానిక్ వాకిట్లో ఉన్నాం. ఎదురుగా ఆయన అమ్మకానికి పెట్టిన బండి. దీన్ని ఫిఫ్త్ వీల్ అంటారు. మామూలు క్యారవాన్‌ను కారు వెనక కొక్కేనికి తగిలిస్తారు కదా, ఇది అలా కాదు. పికప్ ట్రక్కు వీపు మీద ఒక ఇనుప పళ్ళెం ఉంటుంది. లారీకి ట్రైలర్ బిగించినట్టు, ఈ ఇంటి మెడ కింద ఉండే లావుపాటి మేకు వచ్చి ఆ పళ్ళెంలో కూర్చుంటుంది. ఆ మెడ మీదే పడకగది, మూడు మెట్లెక్కి వెళ్ళాలి. కింద వంటిల్లు, సోఫా, స్నానాలగది. పికప్‌తో కలిపితే పొడవు పదమూడు మీటర్లు. మా ఫ్లాట్‌లో ఈ మూల నుంచి ఆ మూలకు నడిచినా అంత దూరం ఉండదు.

మా ఆయన కార్తీక్‌కు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఎల్టర్న్‌ట్సైట్ ఉంది. బిడ్డల కోసం తల్లిదండ్రులకు ఇక్కడ ఇచ్చే సెలవు అది. మా ఆద్యకు నాలుగేళ్ళు. బడిలో చేరాక ఇలా రెండు నెలలు తిరగడం కుదరదు, ఈ బండి కొనుక్కుని ఇటలీ దాకా వెళ్ళొద్దాం అన్నది అతని కోరిక. చలికాలంలో క్లాసులకు తిరిగి, ఇంత బరువు లాగడానికి కావలసిన లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. కొనాలంటే మా కారు అమ్మాలి, ఆరేళ్ళుగా దాచుకున్నదంతా పెట్టాలి. హెర్ లెహ్నర్ ఉదారంగా ఒక మాటన్నాడు. గురువారం పండగ సెలవు, శుక్రవారం మీరు సెలవు పెట్టుకుంటే నాలుగు రోజులు వస్తాయి, తీసుకెళ్ళి తిరిగి రండి, ఆదివారం సాయంత్రం ఔనో కాదో చెప్పండి అని.

నాకు భయం. దానికి కారణం ఉంది. పోయిన చలికాలం ఆద్యకు జ్వరంలో ఫిట్స్ వచ్చాయి. రెండే నిమిషాలు. డాక్టర్ ఇది చాలామంది పిల్లలకు వచ్చేదే అంది. కానీ అప్పటి నుంచి ఏ ఊరు వెళ్ళినా నేను ముందు చూసేది అక్కడికి పిల్లల ఆసుపత్రి ఎంత దూరమన్నదే. ఇంట్లో నేను దేనికి వద్దన్నా "నీకు భయం" అనేస్తారు. అక్కడితో ఆ మాట ముగిసిపోతుంది. అందుకే ఈసారి గట్టిగా అనుకున్నాను. వద్దంటే భయంతో అనకూడదు, సరేనంటే మొహమాటంతో అనకూడదు. ఇంత పొడవు బండి మాలాంటి వాళ్ళ ప్రయాణాలకు పనికొస్తుందా లేదా, నాలుగు రోజులు కళ్ళు తెరిచి చూసి చెప్పాలి.

హెర్ లెహ్నర్ కార్తీక్‌కు బండి కట్టడం, విప్పడం నేర్పుతున్నాడు. మధ్యలోకి వెళ్ళాను.

"నాకూ నేర్పండి."

"మీకు ఈ లైసెన్సు లేదు కదా?" అన్నాడాయన.

"ఇల్లు లాగడానికి లేదు. పికప్ ఒక్కదాన్ని నడపడానికి ఉంది. విప్పడం వస్తే చాలు."

ఆయన నన్నొకసారి చూసి తన చేతి తొడుగులు విప్పి నాకిచ్చాడు. ఇంటి చక్రాలకు అడ్డుచెక్కలు, పికప్ వెనక తలుపు కిందికి, ఇంటి ముందుకాళ్ళు నేలకు ఆనేదాకా దించడం, కరెంటు తీగ, బ్రేకు తీగ, ఆ తరువాత పళ్ళెం పిడి లాగడం, చివరగా పికప్‌ను మెల్లగా ముందుకు తీయడం. ఆద్య వెళ్ళే కీటాలో, అంటే శిశువిహార్‌లో, పిల్లలకు పేన్లు పడ్డాయని పంపిన నోటీసు సంచిలో ఉంటే, దాని వెనక ఈ ఏడూ వరసగా తెలుగులో రాసుకున్నాను.

"ఇంకొకటి," అన్నాడాయన. "పిడి రాకపోతే బలం పెట్టకండి. పికప్‌ను వెనక్కి ఒక వేలెడంత జరపండి. మేకు మీద బిగువు వదిలితే మీ పాప కూడా లాగగలదు."

అదీ రాసుకున్నాను.

తరువాత పూజ. బండి నుదుటికి పసుపు, కుంకుమ. రాతి మీద కొబ్బరికాయ. చక్రాల కింద నిమ్మకాయలు. ఇదంతా దేనికని హెర్ లెహ్నర్ అడిగాడు. కార్తీక్ హుషారు మీదున్నాడు. "కొత్త బండి మా ఇంట్లోకి వచ్చినప్పుడు ఇలా చేస్తాం," అన్నాడు జర్మన్‌లో.

అత్తమ్మ చేయమన్నది ప్రయాణం కోసం. కొన్నామని కాదు. ఆ ఒక్క ముక్క చెప్పాలి. నా జర్మన్‌లో ఆ వాక్యం కూర్చుకునేలోపే హెర్ లెహ్నర్ టోపీ తీసి గుండెల దగ్గర పట్టుకున్నాడు. బండి కదిలింది. నిమ్మకాయలు చితికాయి. నేను చేతులూపాను.

గోధుమరంగు బోర్డు

ఆ రాత్రి ఫ్లాట్‌లోనే పడుకుని, గురువారం పొద్దున కెమ్నిట్జ్‌కు బయల్దేరాం. ఏ9 హైవే మీద గంటకు ఎనభై కిలోమీటర్లు. ఇలాంటి బండికి అంతకు మించి వెళ్ళే వీల్లేదు. నిజం చెప్పాలంటే ఇల్లు కుదురుగా వచ్చింది, తోక ఊపలేదు. కార్తీక్ ముఖంలో పెళ్ళినాటి వెలుగు.

నూరెంబర్గ్ దాటగానే వెనక సీట్లోంచి ఆద్య, "మమ్మీ, ఇష్ ముస్ పీపీ!" అంది.

వెనకే మాకు సొంత స్నానాలగది ఉంది. కానీ బండి కదులుతుంటే అందులో ఎవరూ ఉండకూడదు, ఆగితే తప్ప వెళ్ళలేం. ఆగడానికి రెస్ట్ ఏరియాలోకి తిరిగాం. పండగ రోజు ఇక్కడ పెద్ద లారీలు నడవకూడదు కాబట్టి అవన్నీ అక్కడే బారులు తీరి ఉన్నాయి. డ్రైవర్లు మడత కుర్చీలేసుకుని టీ కాచుకుంటున్నారు. కార్ల చోట్లలో మేం పట్టం, లారీల చోట్లు ఖాళీ లేవు. ఒక డ్రైవర్ చేతులు చాపి, ఏం చేయమంటారు అన్నట్టు నవ్వాడు. తరువాతి దాంట్లోనూ అంతే. మూడోది వచ్చేసరికి ఆద్య సీటు తడిసింది. అది ఏడవలేదు, నావైపు కోపంగా చూసింది.

మాకొక అలవాటుంది. ఆటోబాన్ పక్కన కోటల బొమ్మలు, చర్చిల బొమ్మలు వేసిన గోధుమరంగు బోర్డులుంటాయి. వాటిలో ఏదో ఒకటి నచ్చి దిగిపోతాం. ముందు అనుకున్నది ఉండదు. కేక్ ముక్క తిని, రెండు వీధులు తిరిగి, ఎవరో ఒకరితో మాట్లాడి మళ్ళీ ఎక్కుతాం. ఇన్నేళ్ళ మా తిరుగుళ్ళన్నీ అలాగే. ఆరోజూ ఒక కోట బొమ్మ కనపడితే కార్తీక్ దిగాడు. నాలుగు కిలోమీటర్ల తరువాత రైలు కట్ట కింద దారి. పైన బోర్డు: 3.1 మీటర్లు. మా ఇంటి ఎత్తు 3.4.

వెనక్కి పోవాలి. రెండువందల మీటర్లు, రెండు పక్కలా కాలువ.

ఆ పండగే ఇక్కడ తండ్రుల రోజు కూడా. మగవాళ్ళు చిన్న చెక్కబండిలో బీరు సీసాలు పెట్టుకుని లాక్కుంటూ పొలాల వెంట నడుస్తారు. అలాంటి ఆరుగురు సరిగ్గా అప్పుడే వచ్చారు. సాయం చేయాలని ఆరుగురికీ ఉత్సాహం. ఒకడు ఎడమ అంటాడు, ఒకడు కుడి అంటాడు. ఇంకొకడు మెడలో ఆవు గంట కట్టుకుని, ఆపమన్నప్పుడు అది మోగిస్తానంటాడు. ఇల్లు కాలువ వైపు ఒరగడం చూశాక నా గొంతు నాకే తెలియకుండా లేచింది.

"అందరూ ఊరుకోండి! నేనొక్కదాన్నే చెప్తాను!"

ఊరుకున్నారు. కార్తీక్ అద్దంలో నన్నే చూస్తూ వెనక్కి జరిపాడు. ముప్పావుగంట పట్టింది. రోడ్డెక్కాక వాళ్ళకు కాగితపు పళ్ళేల్లో పులిహోర పెట్టాను. గంటవాడు ఎండుమిరపకాయ నమిలేసి, కళ్ళు తుడుచుకుని, నా దగ్గర రెండో పళ్ళెం అడిగాడు.

"ఇంత ఇల్లు వేసుకుని మా ఊరికెందుకొచ్చారు?" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

"కోట చూద్దామని."

"కోటా? దానికి మరమ్మతులు జరుగుతున్నాయి, మూసేశారు."

ఆరుగురూ పడీపడీ నవ్వారు. మేమూ నవ్వాం. కానీ ఆ రోజు ఇంకే బోర్డు దగ్గరా దిగలేదు. అది నేను మనసులో రాసుకున్నాను.

రైతు పొలంలో పొద్దున

ఫ్రాంకోనియాలో ఒక రైతు పొలంలో రాత్రి ఆగాం. మనిషికింత అని కాదు, పొడవును బట్టి రేటు. ఎనిమిది మీటర్లు దాటితే తొమ్మిది యూరోలు ఎక్కువ. మొత్తం ముప్పై ఎనిమిది. హన్మకొండలో అయితే ఆ రైతు మమ్మల్ని చూడటానికి వచ్చిన జనం దగ్గర టికెట్టు వసూలు చేసేవాడు.

న్యాయంగా చెప్పాలి. పొద్దున లేచేసరికి ఆ ఇల్లు నాకు నచ్చింది. ఆద్య తన మంచం మీద తన దుప్పటి కప్పుకుని పడుకుంది. హోటల్లో అయితే తెల్లార్లూ దొర్లుతుంది. రాత్రి తోడుపెట్టిన పెరుగు గడ్డగా తోడుకుంది. మెడ మీది గది కిటికీలోంచి చూస్తే ఆవాల చేను లాంటి పసుపు పూల పొలం. రైతు భార్య తెచ్చిన గుడ్లతో పొరటు చేసి, ఫ్రిజ్ నిండా సామాను సర్దుతుంటే, ఇక్కడే పది రోజులుంటే ఎంత బాగుంటుంది అనిపించింది. పది రోజులు ఒకచోట ఉండగల వాళ్ళకు ఇంతకన్నా మంచి బండి ఉండదు.

అప్పుడే హెర్ లెహ్నర్ మెసేజ్ వచ్చింది. కార్తీక్ చదివి నాకు ఫోనిచ్చాడు. రేగెన్స్‌బర్గ్ నుంచి అడుగుతున్న దంపతులకు బండి అయిపోయిందని చెప్పేశాననీ, నిమ్మకాయలతో సాగనంపిన చేతుల్లోకి వెళ్తున్నందుకు తనకూ తన భార్యకూ సంతోషమనీ రాశాడు.

తింటున్న పళ్ళెం పక్కన పెట్టాను.

"నువ్వు ఆ రోజు చెప్పిన మాటకు ఇది," అన్నాను.

"నేనేమన్న కొన్నమని చెప్పిన్నా?"

"పూజ చేసి, మా ఇంట్లకొచ్చిందంటే ఇంకేం అనుకుంటడు?"

"సరే, ఫోన్ చేసి చెప్త, ఇంకా ఖాయం కాలేదని."

"ఇప్పుడు చెప్తే అనుమానపడ్డట్టు అయితది. ఆదివారం ఏదో ఒకటి ముఖం మీదనే చెప్దాం. వద్దనుకుంటే నేనే చెప్త. ఆ రేగెన్స్‌బర్గ్ వాళ్ళకు ఫోన్ కూడా నేనే చేస్త."

కార్తీక్ నవ్వాడు. "నువ్వా? పిల్లల డాక్టర్ అపాయింట్‌మెంట్‌కు సుత ఫోన్ నాతోనే చేయిస్తవ్."

నిజమే. ఎదురుగా మనిషి ఉంటే నా జర్మన్ నడుస్తుంది. ఫోన్లో అయితే నోరు ఎండిపోతుంది. ఆరేళ్ళలో నేను జర్మన్‌లో చేసిన ఫోన్లు ఒక చేతి వేళ్ళకు మించవు.

కెమ్నిట్జ్: విజిల్

కెమ్నిట్జ్‌లో మా పిన్ని కూతురు మౌనిక మాస్టర్స్ చదువుతోంది. ఇద్దరు తెలుగమ్మాయిలతో కలిసి నాలుగో అంతస్తులో ఉంటుంది. ఆ వీధిలో మా ఇల్లు పెట్టే మాటే లేదు. ఊరి బయట చెరువు పక్కన క్యాంపింగ్‌లో ఆపాం. నేల కాస్త వాలుగా ఉంది.

"రెండు రాత్రులకు విప్పుడెందుకు? బస్సుందిగా. ఆదివారం అట్లనే పోదాం," అన్నాడు కార్తీక్.

"విప్పితే బండి చేతిలో ఉంటది."

"మళ్ళ కట్టాలి, సింధూ. గంట పని."

అలసిపోయి ఉన్నాను, వదిలేశాను.

మా పక్క చోటు ఫ్రావు షుబెర్ట్‌ది. డెబ్బై ఏళ్ళుంటాయి. ఆమె క్యారవాన్‌కు చక్రాలున్నాయి గానీ ఇరవై ఏళ్ళుగా కదల్లేదట. చుట్టూ తెల్ల కంచె, పూలకుండీలు, ఉత్తరాల డబ్బా. నేను ఒంటిగంటన్నరకు కుక్కర్లో పప్పు పెట్టాను. రెండో విజిల్‌కు ఆవిడ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది.

"అలారమా? గ్యాసా?"

"పప్పు," అన్నాను.

కుక్కర్ చూపించాను. చూస్తుండగానే మూడోది వేసింది. ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది. తరువాత ఓపికగా చెప్పింది. ఒంటిగంట నుంచి మూడింటిదాకా ఇక్కడ మధ్యాహ్నపు విశ్రాంతి. చప్పుడు చేయకూడదు, ఆఫీసు మూసేస్తారు, గేటు దగ్గర అడ్డకర్ర దించేస్తారు, బండ్లు రావు, పోవు. మన దగ్గర మధ్యాహ్నం పడుకుంటే సోమరిపోతు అంటారు, ఇక్కడ దానికి బోర్డు పెట్టి నియమం చేశారు. ఒక గిన్నెలో పప్పు పోసిచ్చాను. సాయంత్రం గిన్నె కడిగి, అందులో రబర్బ్ అనే పుల్లటి కాడలతో చేసిన కేక్ ముక్క పెట్టి తెచ్చింది. ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని ఆమెకెవరు చెప్పారో.

మౌనిక వచ్చి ఇల్లంతా తిరిగి చూసింది. మంచమెక్కి గెంతింది, ఫొటోలు దిగింది. అన్నీ అయ్యాక సంచి భుజానికేసుకుంది.

"నడువుండ్రి పోదాం. బగారన్నం, చికెన్ చేసినం."

"తిని మళ్ళొచ్చేస్తం," అన్నాడు కార్తీక్.

"ఏంది బావా, నా ఇల్లుండంగ బయట పంటరా? మా అమ్మకు తెలిస్తే నన్ను బతకనిస్తదా? మేం ముగ్గురం ఒక రూంల పడుకుంటం, మీకు పెద్ద రూం ఇచ్చినం. పరుపు సుత అడిగి తెచ్చిన."

"మరదలా, గీ ఇంట్ల ఏడుగురు పండొచ్చే."

"పండుకో మరి. నువ్వొక్కనివే పండుకో. అక్క, పాప నాతోని వస్తరు."

అతనూ వచ్చాడు. పదమూడు మీటర్ల ఇల్లు చెరువు గట్టున ఒంటరిగా ఉంది. మేం నాలుగో అంతస్తులో, అరువు పరుపు మీద, ముగ్గురం అడ్డదిడ్డంగా నిద్రపోయాం. అంత హాయిగా నేను నిద్రపోయి చాలా రోజులైంది.

శనివారం, ఒంటిగంట పది

పొద్దున అందరం బస్సులో క్యాంపింగ్‌కు తిరిగొచ్చాం. మౌనిక వాళ్ళకు నెలకు సరిపడా బియ్యం, పప్పులు ఆసియా దుకాణం నుంచి తేవాలి. బావ ఎలాగూ వచ్చాడు కదా అని ఎదురుచూస్తోంది.

"ట్రక్కు తెచ్చినవ్ బావా. నేను మాత్రం బియ్యం బస్సుల మొయ్యాలె," అంది.

"జిమ్ అనుకో," అన్నాడు కార్తీక్. ఇద్దరూ వెళ్ళారు.

పన్నెండు దాటాక ఆద్య ఆట మానేసి నా ఒళ్ళోకొచ్చింది. ఒళ్ళు కాలుతోంది. చూస్తే ముప్పై తొమ్మిది పాయింట్ ఆరు. మందు గుళిక పెట్టాను. అరగంట చూశాను, దిగలేదు. చెవి పట్టుకుని ఏడుస్తోంది. ఫిట్స్ వస్తే వెంటనే అంబులెన్సు పిలవండి, రాకపోయినా జ్వరం దిగకపోతే ఇంట్లో కూర్చోకండి, ఆసుపత్రికి తీసుకెళ్ళండి అని మా డాక్టర్ చెప్పిన మాట నాకు కంఠతా. పిల్లల ఆసుపత్రి పది కిలోమీటర్లు. వచ్చిన రోజే చూసి పెట్టుకున్నాను.

కార్తీక్‌కు ఫోన్ చేశాను.

"బస్ ఇంకా అరగంటకున్నది. నేనొచ్చేదాక ఆగు. నువ్వు ఆ బండి ముట్టకు, ఏమన్న అయితది."

"ఆగను," అన్నాను. "నువ్వు సీదా ఆస్పత్రికి రా."

ఆద్యను పికప్‌లో దాని సీట్లో కూర్చోబెట్టి, తలుపు తెరిచే ఉంచి, తడిగుడ్డ చేతికిచ్చాను. పేన్ల నోటీసు తీసి పికప్ అంచు మీద పరిచి, ఎగిరిపోకుండా పైన నా చెప్పు పెట్టాను. ఒకటి, అడ్డుచెక్కలు. రెండు, వెనక తలుపు. మూడు, ముందుకాళ్ళు. బటన్ నొక్కుతుంటే అవి ఎంత మెల్లగా దిగాయో చెప్పలేను. నాలుగు, అయిదు, తీగలు. ఆరు, పిడి.

రాలేదు.

కాలు తన్నిపెట్టి లాగాను. రాలేదు. ఆద్య "మమ్మీ" అని ఏడుస్తోంది. నేల వాలు. ఇల్లంతా మేకు మీద వేలాడుతోంది. అప్పుడు కాగితం అడుగున రాసుకున్నది కనపడింది: బలం పెట్టకు. వెనక్కి ఒక వేలెడు.

ఎక్కి, రివర్స్ వేసి, బ్రేకు మీద ప్రాణం పెట్టుకుని ఒక వేలెడు జరిపాను. దిగి పిడి పట్టుకున్నాను. తలుపు గడియ తీసినంత తేలిగ్గా వచ్చింది. పికప్ మెల్లగా ముందుకు వెళ్ళింది. ఇల్లు తన కాళ్ళ మీద తాను నిలబడింది. ఫోన్లో టైము చూశాను. మొదలుపెట్టి పద్నాలుగు నిమిషాలు.

గేటు దగ్గరికెళ్తే అడ్డకర్ర దించి ఉంది. మధ్యాహ్నపు విశ్రాంతి. ఆఫీసు గంట రెండుసార్లు కొట్టినా ఎవరూ రాలేదు. నేను దిగి ఆ కర్రను చేతులతో ఎత్తబోతుంటే వెనక నుంచి ఫ్రావు షుబెర్ట్ వచ్చింది, ఈసారి కూడా చెప్పుల్లేకుండా.

"ఏం చేస్తున్నారు? ఇది మధ్యాహ్నపు..." అంటూ పికప్‌లోకి చూసింది. ఆద్య ముఖం చూసింది. ఇంకేం మాట్లాడకుండా మెడలో వేలాడుతున్న తాళాల్లోంచి తన చిప్ తీసి పెట్టెకు ఆనించింది. కర్ర లేచింది.

"మెల్లగా వెళ్ళండి," అంది. "పాపకు మీరు కావాలి."

ఆసుపత్రిలో గంటన్నర కూర్చున్నాం. చెవిలో వాపు. ఫిట్స్ రాలేదు. జ్వరం ముప్పై ఎనిమిదికి దిగింది. కార్తీక్ పరిగెత్తుకుంటూ వచ్చేసరికి ఆద్య యంత్రంలోంచి వచ్చిన బిస్కెట్ తింటూ "డాడీ, మమ్మీ హాట్ దస్ హౌస్ కపుట్ గెమాహ్ట్," అంది. మమ్మీ ఇంటిని విరగ్గొట్టిందట. విరగలేదురా, విప్పాను అని చెప్పాను.

కార్తీక్ నా చేతులు చూశాడు. మోచేతుల దాకా గ్రీజు.

"ఒక్కదానివే విప్పినవా?"

"ఊఁ."

"సింధూ, ఇంకేం భయం చెప్పు? నీకొచ్చు. కొనేద్దాం."

"నాకొచ్చు. అందుకే ఇప్పుడు చెప్తున్న. వద్దు."

"భయంతోనా?"

"కాదు. విను. మూడు రోజుల్ల ఆ ఇంట్ల మనం ఎంతసేపున్నం? ఒక్క రాత్రి, మూడు పూటల తిండి. దారిల ఒక్క ఊరు దిగుదామంటే ఇరుక్కున్నం. మౌనికకు బియ్యం తేనీకి ట్రక్కుండి బస్సెక్కినవ్. ఇటలీల మాత్రం మనం మారుతమా? మిలాన్‌ల మీ రాజేశన్న, దారిల మా క్లాస్‌మేట్. వాళ్ళు మనల్ని బయట పండనిస్తరా? మనం పోయేది మనుషుల దగ్గరికి. ఆ ఇల్లు ఒక్కచోట ఉండేటోళ్ళది. ఫ్రావు షుబెర్ట్ అసొంటోళ్ళది."

ఆద్య బిస్కెట్ సగం విరిచి అతని నోట్లో పెట్టింది.

"లైసెన్సు వేస్టయింది," అన్నాడు చివరికి.

"మౌనిక ఇల్లు మారేటప్పుడు పనికొస్తది."

నవ్వాడు, పూర్తిగా కాదు. అతని కోరికను నేను తీసేశానని తెలుసు. దానికి నా దగ్గర మందు లేదు. ఆ సాయంత్రం జేబులో తగిలిన అయిదో నిమ్మకాయ పిండి, తేనె కలిపి ఆద్యకు తాగించి, మిగిలింది అతనికిచ్చాను.

తిరిగి వాకిట్లోకి

ఆదివారం నాలుగింటికి హెర్ లెహ్నర్ వాకిట్లో ఆగాం. ఆయన గేటు తెరిచి నిలబడి ఉన్నాడు. కిటికీలోంచి ఆయన భార్య చెయ్యూపింది. మోకాళ్ళ ఆపరేషన్ తరువాత ఆమె ఆ మూడు మెట్లు ఎక్కలేకపోతోంది, అందుకే అమ్మకం. వేసవి మూడు నెలలూ ఒకే చెరువు గట్టున ఉండేవాళ్ళట.

కార్తీక్ నోరు తెరవబోతే నేను ముందుకెళ్ళాను. దారంతా కూర్చుకున్న వాక్యాలు.

"హెర్ లెహ్నర్, బండి చాలా మంచిది. మేం కొనడం లేదు."

ఆయన మా ఇద్దరినీ చూశాడు. తరువాత బండి నుదుటిమీది కుంకుమను చూశాడు.

"కానీ నిమ్మకాయలు..."

"అవి ప్రయాణం క్షేమంగా జరగాలని. కొన్నామని కాదు. ఆ రోజే చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు మాది. దానివల్ల మీరు వేరేవాళ్ళను పంపేశారు."

"పంపేశాను," అన్నాడు. కోపం లేదు. దానికన్నా కష్టంగా ఉంది వినడానికి. "వాళ్ళు ఈపాటికి ఇంకొకటి చూసుకుని ఉంటారు."

"నంబరివ్వండి. నేను మాట్లాడతాను."

కార్తీక్ నావైపు తిరిగాడు. నేను అతన్ని చూడలేదు. హెర్ లెహ్నర్ చదువుతుంటే ఒక్కొక్క అంకే నొక్కాను. మోగుతున్నంతసేపూ, ఎత్తకపోతే బాగుండు అనుకున్నాను. ఎత్తారు. ఆడగొంతు.

నా పేరు చెప్పాను. బండి అమ్ముడు పోలేదనీ, పోయిందని మీరు విన్నది మా పొరపాటు వల్లేననీ చెప్పాను. క్రియాపదం చివరికి రావాల్సిన చోట మధ్యలో వచ్చి ఉంటుంది, తెలియదు. ఆవిడ ఆగి, ఇంకా ఏదీ కొనలేదు అంది. తరువాత వరసగా అడిగింది. ఫ్రిజ్ ఎంత, పైకప్పు కారుతుందా, రోడ్డు మీద ఊగుతుందా. తెలిసింది చెప్పాను, తెలియనిది హెర్ లెహ్నర్‌ను అడిగి చెప్పాను. మీరెందుకు కొనడం లేదు అని అడిగితే, మేం ఒకచోట కూర్చోలేం అన్నాను. మేం కూర్చోవడానికే కొంటున్నాం అని నవ్వింది.

ఆ తరువాత గొంతు తగ్గించింది. పక్క గదిలో భర్త ఉన్నాడేమో.

"ఆయనకు నడుము ఆపరేషనయింది. ఎప్పుడైనా అవసరం వస్తే దాన్ని నేనొక్కదాన్నే విప్పగలనా? అమ్మేవాళ్ళు ఎలాగూ ఔనంటారు. మీరు చెప్పండి."

"విప్పగలరు," అన్నాను. "నాకు పద్నాలుగు నిమిషాలు పట్టింది. పక్కన పాప ఏడుస్తోంది కూడా."

"ఒక్క నిమిషం," అంది ఆవిడ. "కాగితం తెచ్చుకుంటాను."

నేను కూడా సంచిలోంచి పేన్ల నోటీసు తీసి, వెనక్కి తిప్పి పట్టుకున్నాను.